మ్యాప్ లేని అడవి

సాకిబ్ కొంప ముంచింది అతని రివ్యూలోని మొదటి వాక్యమే. "ఈ ఆటలో మ్యాప్ లేదు, అదే దీని గొప్పతనం" అని రాశాడు మహానుభావుడు. టార్న్‌వుడ్ అనే ఆ వీడియో గేమ్‌ని ఫోన్‌లో వేసుకున్న ప్రతివాళ్లకూ తెర మీద కుడివైపు పై మూలలో రూపాయి బిళ్లంత మ్యాప్ కనబడుతూనే ఉంది. తప్పిపోయిన చెల్లెలిని వెతుక్కుంటూ అడవిలో నడిచే ఒక అమ్మాయి కథ ఆ ఆట. ఆమె ఎటు పోవాలో మ్యాప్‌లో ఎర్ర బాణం ఒకటి చూపిస్తూ ఉంటుంది. రెండో తరగతి పిల్లలకు కూడా కనబడే బాణం, ఖమ్మంలో అంత పేరున్న రివ్యూలవాడికి కనబడలేదంటే జనం ఊరుకుంటారా? కళ్ల దవాఖానాకు పొమ్మని ఒకడు, కరెంటు పోయినప్పుడు ఆడావా అని ఇంకొకడు, సాయంత్రానికి నాలుగు వందల కామెంట్లు పడ్డాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. రివ్యూ చివర్లో సాకిబ్ ఇంకో మాట కూడా రాశాడు. నది ఎగువన పడవ నడిపే ముసలాయన గుడిసె ఒకటుందనీ, అక్కడికి చేరినవాళ్లకు ఆట ఇంకో రకంగా ముగుస్తుందనీ, అది చూసి తన గొంతు పట్టేసిందనీ రాశాడు. బాణం వెంట పోయినవాళ్లంతా వంతెన దగ్గర తేలుతున్నారు తప్ప ఆ గుడిసె ఎవరికీ దొరకలేదు. కామెంట్లలో ఒకాయన మాత్రం నవ్వలేదు. తన భార్య కాలు విరిగి మంచంలో ఉందనీ, మీ మాట నమ్మి వారం రోజులుగా ఆ గుడిసె కోసం వెతుకుతోందనీ, లేనిదాన్ని ఉందని ఎందుకు రాశారనీ మర్యాదగా అడిగాడు. సాకిబ్ ఆ కామెంటు దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఎందుకంటే ఆ గుడిసెను అతనూ చూడలేదు.

అసలు ఆ ఆటను ఫోన్‌లో వేసుకున్నాడే గానీ, అతను ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ వారం మూడు ఆటలకు రివ్యూలు రాయాల్సి వచ్చింది. మూడోదానికి ఒంట్లో ఓపిక లేక ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే మోతీ అనే ఆవిడ బ్లాగు కనబడింది. చదివేవాళ్లు అరవై మంది ఉంటారేమో. మాట్లాడినట్టే రాస్తుంది. ఆటలో ఎండ ఎటు పడుతుందో, ఏ వాగులో నీళ్లు ఎటు పారుతాయో కూడా రాస్తుంది. సాకిబ్ దాన్ని మొత్తంగా ఎత్తుకొచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, పైన తన పేరు కుట్టుకున్నాడు. మ్యాప్ లేదన్న మాట కూడా ఆవిడదే. కాపీ కొట్టేవాడు కనీసం తెర వైపు ఒకసారి చూసుకోవాలన్న తెలివి కూడా ఆ రోజు అతనికి లేకపోయింది.

అతను పనిచేసే వెబ్‌సైట్ పేరు 'మూడో లెవెల్'. వైరా రోడ్డులో ఫోన్ రిపేరు షాపు పైన రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక కూలర్. నడిపే ఆయన అనిల్‌కుమార్. తెలుగులో ఆటల గురించి శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ కాబట్టి, సాకిబ్ బాగుందంటే బాగున్నట్టేనని నమ్మే జనం రెండు జిల్లాల్లో ఉన్నారు. వచ్చే సోమవారం నుంచి సైట్ నెత్తిన అతని ఫోటో పెట్టి, ప్రధాన సమీక్షకుడని పేరు వేయాలని అనిల్‌కుమార్ అప్పటికే నిర్ణయించేశాడు. మూడేళ్లుగా సాకిబ్ కలలుగన్నది ఆ ఒక్క మాట కోసమే. ఇప్పుడు ఆ సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.

అనిల్‌కుమార్ పెద్దగా కంగారు పడలేదు. కొన్ని ఫోన్లలో మ్యాప్ రాదని ఒక ముక్క కలిపేయమన్నాడు, గుడిసె సంగతి తీసేయమన్నాడు, వారం పోతే జనం ఇంకొకడి మీద పడతారన్నాడు. సాకిబ్ తలూపాడు. అంతవరకూ అతనికి భయమే తప్ప సిగ్గు లేదు. సిగ్గు ఆ శనివారం మధ్యాహ్నం ఒక మెసేజ్ రూపంలో వచ్చింది.

"తమ్మీ, నమస్తే. నేను మోతీని. మణుగూరు దగ్గర తండాల ఉంట. మ్యాప్ లేదని నువ్వు గూడ రాసినవ్. నీ ఫోన్‌ది గూడ అదే మూల పగిలిందా?"

సాకిబ్ దాన్ని పదిసార్లు చదివాడు. వెటకారమా అంటే కాదు, అమాయకత్వమా అంటే నమ్మబుద్ధి కాదు. తిట్టి ఉంటే తిట్టుకు తిట్టు వెతుక్కునేవాడు. ఇలా అడిగితే ఏం చెప్పాలి? ఒకటి మాత్రం అర్థమైంది. ఆవిడ ఫోన్‌లో మ్యాప్ ఉండే మూల పగిలిపోయింది, అందుకే ఆవిడకు మ్యాప్ కనబడలేదు. ఆ పగులు తన రివ్యూలోకి కూడా నడిచొచ్చింది. ఆవిడ నోరు తెరిస్తే తన పేరు, ఫోటో, సోమవారం అన్నీ పోతాయి. వెళ్లి కాళ్లావేళ్లా పడి ఆ బ్లాగులోంచి ఆ రాత తీసేయించాలని అనుకున్నాడు. దేనికి వెళ్లాడో దాచడం దేనికి, అందుకే వెళ్లాడు.

ఆదివారం పొద్దున బయల్దేరుతుంటే తండ్రి జానీ మియా దుకాణం ముందు పరుపు కుడుతున్నాడు. ముప్పై ఏళ్లుగా దూది ఏకి పరుపులు కుట్టే మనిషి ఆయన. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. మూడు మూలలు కుట్టి నాలుగోది వదిలేస్తాడు. కొన్నవాళ్లు వచ్చి, ఆ మూలలోంచి చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు దూది బయటికి తీసి చూసుకున్నాకే దాన్ని కుడతాడు. పాత దూది కలిపి అమ్మేవాళ్లు బజారు నిండా ఉన్నారు కాబట్టి మనం చూపించాలె అంటాడు. చిన్నప్పుడు సాకిబ్‌కు ఇదంతా చాదస్తంగా అనిపించేది. ఆ పొద్దున ఆ తెరిచి ఉన్న మూల వైపు చూడకుండానే బస్టాండుకు నడిచాడు.

కొత్తగూడెం మీదుగా మణుగూరు చేరేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి షేర్ ఆటో. బొగ్గు లారీల దుమ్ము దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా టేకు చెట్లు దగ్గరకొచ్చాయి. తండాలో మోతీ టీచర్ ఇల్లు అనగానే అందరూ ఒకటే వైపు చెయ్యి చూపించారు. ముప్పై నాలుగేళ్ల మనిషి, అంగన్‌వాడీలో టీచర్. ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఆమె తండ్రి హాతీరాం ఆవులకు పలుపుతాడు పేనుతూ కూర్చున్నాడు. సాకిబ్ పేరు చెప్పగానే ఆమె ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా మంచం వాల్చి, నీళ్లిచ్చి, ఎండన పడి వచ్చినవు కూసో తమ్మీ అంది.

తను వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియక సాకిబ్ ఆమె ఫోన్ చూపించమన్నాడు. పోయిన వానాకాలం వాగు దాటుతుంటే నీళ్లలో పడిందట. కుడివైపు పై మూల తెర చచ్చిపోయి, రెండు వేళ్ల మేర సిరా ఒలికినట్టు నల్లగా ఉంది. మిగిలినదంతా మంచిగనే కనబడుతుంది కదా అని ఆమె మార్చలేదు. ఆటలో మ్యాప్ ఉన్నది ఆ నలుపు కింద.

"మరి దారెట్ల తెలుస్తది అక్కా?"

"ఎట్ల తెలుస్తదేంది," అని ఆమె నవ్వింది. "అడివి గద."

సాకిబ్‌కు ఆ జవాబు అర్థం కాలేదు. ఆమె ఆట తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టింది. పదో తరగతి దాకా ఆమె తండ్రితో ఆవుల మంద వెంట అడవిలో తిరిగిన మనిషి. ఆటలోని అమ్మాయిని అందరిలా పరిగెత్తించలేదు. ముందు నిలబెట్టింది. తల ఎత్తించి చెట్ల సందుల్లోంచి ఎండ చూసింది, నేల మీద నీడ చూసింది. కాసేపాగి మళ్లీ నీడ చూసి, ఎంత జరిగిందో చూసుకుని, ఇది తూర్పు అంది. తర్వాత నేల మీద జంతువులు నడిచిన సన్నటి బాటలు వెతికింది. రెండు బాటలు కలిసిన చోట ఆగి, అవి కలిసే వైపు నీళ్లుంటాయి, విడిపోయే వైపు మేత ఉంటుంది అని చెప్పింది. నీళ్ల వైపు నడిచింది. ఒక చోట చెట్లన్నీ ఒకే పక్కకు వంగి ఉన్నాయి. ఆ చెట్టు పేరు తనకు తెలియదనీ, మన దేశపుది కాదనీ, కానీ వాగు ఒడ్డున వెలుతురు కోసం చెట్టు ఎలా వంగుతుందో తెలుసుననీ అంది. చెట్లు దాటగానే నిజంగానే వాగు కనబడింది.

సాకిబ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆటలను చూడటమే అతని వృత్తి. వందల ఆటలు ఆడాడు. ఏ ఆటలోనైనా నీడను నీడలా చూడొచ్చని అతనికి ఎన్నడూ తట్టలేదు. ఆ నీడలు, బాటలు, చెట్ల వంపులు అందం కోసం వేసినవని అనుకున్నాడు. ఎక్కడో చలిదేశంలో కూర్చుని ఈ ఆట తయారుచేసిన మనుషులు అడవిని ఇంత నిజాయితీగా కట్టారనీ, ఆ మూల బాణం పెట్టింది మనలాంటి తొందరగాళ్ల కోసమేననీ అతనికి అప్పుడు తెలిసింది. వాళ్లు కట్టిన అడవిని మణుగూరు పక్క తండాలో ఒక మనిషి అక్షరం అక్షరం చదివేసింది. వాళ్లకు ఈమె తెలియదు, ఈమెకు వాళ్లు తెలియదు.

ఆమె మధ్యలో ఆపేసి, లోపలి నుంచి పిల్లల దెబ్బలకు వేసే ప్లాస్టర్ పట్టీ తెచ్చింది. సాకిబ్ ఫోన్ తీసుకుని, కుడివైపు పై మూల మీద ఆ పట్టీ అంటించింది. ఇప్పుడు నువ్వు నడువు అంది.

అతను నడిచాడు. రెండు నిమిషాల్లో బయల్దేరిన బండ దగ్గరికే తిరిగొచ్చాడు. మళ్లీ నడిచి మళ్లీ అక్కడికే వచ్చాడు. మూడోసారి కూడా అదే బండ ఎదురయ్యేసరికి హాతీరాం తాడు పక్కన పెట్టి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఫోన్ ఆటలు తెలియవు. కూతురితో తమ భాషలో ఏదో అని నవ్వాడు. ఏమన్నాడని అడిగితే, ఈ పిలగాడు అడుగులే చూస్తుండు, ఆకాశం చూస్తలేడు అన్నాడని చెప్పింది. సాకిబ్ ఆటలోని అమ్మాయి తల ఎత్తించాడు. ఆటలో పొద్దు వాలుతోంది, గువ్వల గుంపు ఒకటి ఎగురుతోంది. అవి ఎటు పోతున్నాయని హాతీరాం అడిగాడు. అవి పొద్దుగూకే ముందు నీళ్లకు పోతాయట. సాకిబ్ గువ్వల వెంట నడిచాడు.

గంటన్నర పట్టింది. మోతీ ఎక్కడా దారి చెప్పలేదు, నీడ ఎటున్నది, నీళ్ల చప్పుడు ఏ చెవికి వస్తుంది అని అడుగుతూ వచ్చింది. వాగు పెద్దదై నది అయింది. అతను ఎగువకు తిరిగాడు. ఒక మలుపు తిరగ్గానే గుట్ట కింద గుడిసె, దాని ముందు కట్టేసిన పడవ కనబడ్డాయి. అంతసేపూ తాను వెంబడించిన గువ్వలన్నీ దిగి ఒడ్డున నీళ్లు తాగుతున్నాయి. పాయింట్లు రాలేదు, పాట మోగలేదు, గెలిచావని ఎవరూ చెప్పలేదు. అవతలి ఒడ్డున ఒక చిన్న దీపం, దాని పక్కన చెల్లెలు కూర్చుని ఎదురుచూస్తోంది. ఆమె అసలు తప్పిపోలేదు. అక్క వచ్చేదాకా అక్కడే ఉంది.

సాకిబ్ గొంతు పట్టేసింది. పట్టేశాకే అతనికి గుర్తొచ్చింది, ఈ మాట తన రివ్యూలో ఇప్పటికే ఉంది. పది రోజుల కిందట, ఏ అడవీ చూడకుండా, ఇంకొకరి గొంతును తన గొంతు అని రాసుకున్నాడు. ఇంత గొప్పదాన్ని తాకకుండానే తాకానన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి సిగ్గువో సంతోషానివో అతనికే తెలియలేదు.

గుడిసెలో ముసలాయన ఒక పుస్తకం తెరిచి ముందుకు జరిపాడు. ఇక్కడికి వచ్చినవాళ్లు పేరు రాసి పోవాలట. ప్రపంచంలో ఎక్కడి నుంచి ఎవరు వచ్చినా అదే పుస్తకమట. మొదటి పేజీలో ఒకే ఒక్క వరుస ఉంది, అదీ తెలుగులో. "మోతీ, హాతీరాం బిడ్డ, అంగన్‌వాడీ టీచర్." దాని కింద ఖాళీ గీత ఒకటి అతని పేరు కోసం మినుకుమంటోంది.

సాకిబ్ వేలు ఆ గీత దాకా వెళ్లి ఆగింది. ఫోన్ మంచం మీద పెట్టేశాడు.

"అక్కా, నేను ఈ ఆట ఆడలే. నీది చూసి రాసిన."

"ఎరికే తమ్మీ," అంది మోతీ, పెద్ద విషయం కానట్టు. "నేను ఎండ అని రాసిన కాడ నువ్వు సూర్యకాంతి అని పెట్టినవ్. గంతే గద."

"మరి ఫోన్ పగిలిందా అని ఎందుకడిగినవ్?"

గుడిసెల పుస్తకంల నీ పేరు లేదని చూసిన, అంది ఆమె. అయినా ఉత్తగనే మనిషిని దొంగ అనొద్దు కదా. ఎక్కడన్న ఇంకొకరి ఫోన్ కూడా అదే మూలకు పగిలి ఉంటే, వాళ్లు కూడా ఒక్కళ్లే గిట్ల నడిచి ఉంటే, వాళ్లతోటి మాట్లాడాలని ఉండె. "ఒకవేళ కాకపోతే, అడిగితే నువ్వే చెప్తవ్ అనుకున్న. చెప్పినవ్."

అతను వచ్చిన పని ఇప్పుడు నోటికి రావడం లేదు. అయినా దాచకుండా అదీ చెప్పేశాడు, నీ బ్లాగులోది తీసెయ్యమని అడగనీకి వచ్చిన అక్కా అని. ఆమె కోప్పడలేదు. తన ఫోన్‌లో బ్లాగు తెరిచి చేతికిచ్చింది. నిన్న పొద్దున్నే, అతని రివ్యూ కింది కామెంట్లు చదివి, అతనికి మెసేజ్ పెట్టకముందే, ఆమె తన రాత పైన నాలుగు వరుసలు కలిపింది.

"నేను తప్పు రాసిన. ఈ ఆటల మ్యాప్ ఉన్నది. నా ఫోన్‌కు ఆ మూల పోయింది, ఇంకొకరి ఫోన్‌ల చూసి రాయాలె, చూడలె. మ్యాప్ పెట్టకపోవుడే గొప్ప అని నేను మెచ్చుకున్నది వట్టిదే. గుడిసె మాత్రం ఉన్నది, నడిచి చూడుర్రి. నన్ను నమ్మి మోసపోయినోళ్లు మాఫ్ చెయ్యుర్రి."

అరవై మంది చదివే బ్లాగు. ఎవరూ ఆమెను నిలదీయలేదు, ఎవరూ నవ్వలేదు, ఆమె ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా అందరికీ ముందుగా కనబడే చోట తన తప్పును తనే పెట్టుకుంది. రెండు జిల్లాలు నమ్మే సాకిబ్, నలభై వేలమంది చదివిన సాకిబ్, ఆ నాలుగు వరుసల ముందు తనెంతవాడో చూసుకున్నాడు. ఆటలో నీడను చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం కంటే ఇది పెద్దది. నడవడం ఆమెకు మంద నేర్పింది. ఇది మాత్రం ఎవరు నేర్పారో అతనికి అడగాలనిపించింది, కానీ అడగలేకపోయాడు.

మణుగూరు బస్టాండులో బస్సు కోసం కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. సాకిబ్ జరిగింది మొత్తం చెప్పేశాడు. రివ్యూను చప్పుడు చేయకుండా తీసేద్దాం, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అన్నాడు ఆయన. తీసేయొద్దని సాకిబ్ బతిమాలాడు. తీసేస్తే ఆ కాలు విరిగినామెకు గుడిసె ఉందని ఎవరు చెప్తారు? తన ఒప్పుకోలు రివ్యూ నెత్తినే పెట్టాలి, కింద కాదు. ఆవిడ పేరు, బ్లాగు కూడా అక్కడే ఉండాలి. అలా అయితే సోమవారం సంగతి మర్చిపో, ఆ తర్వాత నీ పేరుతో ఏదైనా వేస్తానో లేదో కూడా చెప్పలేను అన్నాడు అనిల్‌కుమార్. అవ్, ఎరికే అన్నా, అన్నాడు సాకిబ్.

బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూశాడు. టేకు చెట్ల నీడలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. పొద్దు ఎటుందో, తాను ఎటు పోతున్నాడో జీవితంలో మొదటిసారి బోర్డు చూడకుండా చెప్పుకున్నాడు. నాయన దుకాణంలో కుట్టకుండా వదిలేసిన నాలుగో మూల గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నది చాదస్తం కాదని, వచ్చినవాళ్లు చెయ్యి పెట్టి చూసుకునే చోటు ఒకటి మిగల్చడమని ఇప్పుడు అర్థమైంది. ఫోన్ మీద ప్లాస్టర్ పట్టీ ఇంకా అలాగే ఉంది. దాన్ని పీకాలనిపించలేదు.

అప్పటిదాకా రాసిన మొదటి పేరా మొత్తం చెరిపేశాడు. అందులో పని ఒత్తిడి ఉంది, పొరపాటు ఉంది, క్షమాపణ ఉంది, అన్నీ సూర్యకాంతి లాంటి మాటలే. మోతీ అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఆ ప్రశ్ననే ముందు పెట్టుకుని, నలభై వేలమంది చదివే చోట, అన్నింటికంటే పైన, తన పేరు కింద మళ్లీ మొదలుపెట్టాడు.

"నా ఫోన్ ఏ మూలా పగలలేదు."